దయానందం మాస్టారి వాల్వు పెట్టె

నాకు కోపం ఎక్కువ. బందరులో ఎవర్నడిగినా చెప్తారు. ముప్పై ఎనిమిదేళ్ళుగా మైకుసెట్టు నడుపుతున్నాను. కోటిలింగం సౌండ్స్ అంటే మంగినపూడి నుంచి పామర్రు దాకా తెలియని పెళ్ళిపందిరి లేదు. "ఏవయ్యా, సౌండు కాస్త సరిచెయ్యి" అని ఎవడన్నా అన్నాడంటే చాలు, ఒళ్ళు మండిపోతుంది నాకు. నా పని నాకు నేర్పేవాడు ఇంకా పుట్టలేదనుకునేవాణ్ణి. ఆ పొగరు కాస్తా మొన్న ఫిబ్రవరిలో, గుడివాడ పక్కన ఒక ఇంట్లో, పట్టపగలు పదకొండింటికి కాలిపోయింది. నిజంగానే కాలింది, వాసన కూడా వచ్చింది.

ఆ ఇల్లు దయానందం మాస్టారిది, నందివాడ రోడ్డులో. బళ్ళో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. ఆదివారాలు మాత్రం చర్చిలో గిటారు వాయించేవారు, ఒకటి కాదు రెండు కాదు, నలభై ఏళ్ళు. ఆ గిటారుకి ఆయన కుర్రతనంలో సొంతంగా కట్టుకున్న ఆంప్లిఫయరు ఒకటుంది. వాల్వులది. పాత రేడియోల్లో గాజుబుడ్లు ఉండేవి చూడండి, స్విచ్చి వేసిన కాసేపటికి లోపల ఎర్రగా రాజుకునేవి, అవే. అందులో స్పీకరుకి కరెంటు అందించే పెద్ద ట్రాన్స్‌ఫారం మా నాన్న చుట్టింది. ఆ రోజుల్లో గుడివాడ, బందరు, దివిసీమ మూడింట్లోనూ వాల్వుసెట్టు ట్రాన్స్‌ఫారం చుట్టాలంటే మా నాన్నే.

మాస్టారి కూతురు ప్రియ బందరులో మందుల షాపు నడుపుతుంది. నన్ను బాబాయ్ అంటుంది. ఒకరోజు షాపు ముందు నా వ్యాను ఆపి సంగతి చెప్పింది. నాన్నకి కుడిచెవి ఎప్పుడో పోయింది, ఎడమది కూడా పోతోంది, లోపల నరం ఎండిపోతోందన్నాడంట డాక్టరు. వేసవి దాటేసరికి ఏమీ మిగలకపోవచ్చన్నాడంట. ఆయనకి ఒకటే కోరిక. నలభై ఏళ్ళూ ఆ పెట్టె వెనకాలే నిలబడి వాయించాడు కదా, దాని మూతి ఎప్పుడూ జనం వైపే ఉండేది. ముందు కూర్చున్నవాళ్ళకి తన వాయింపు ఎలా వినపడిందో ఒక్కసారి తన చెవులతో వినాలి.

ఇంతేనా అన్నాను నేను. ఇంతే కాదంట. ఆ వాల్వుపెట్టె గట్టిగా మోగితేనే దాని అసలు గొంతు వస్తుంది, గట్టిగా మోగితే ఉన్న ఆ కాస్త చెవీ పోతుంది. కాబట్టి ఆయన దాని ముందు కూర్చుని వినడానికి వీల్లేదు. రికార్డు చేసి, హెడ్‌ఫోన్లో చిన్నగా వినిపించాలి. డాక్టరు మిషన్ పెట్టి చూసి, ఇంతకు మించొద్దని హెడ్‌ఫోన్ సౌండు పెంచే మీట మీద తెల్లగీత గీయించాడు. చర్చిలో ఎవరెవరో సెల్‌ఫోన్లో తీసినవి ఉన్నాయి గానీ, ఫోను ఆ చప్పుడు పట్టలేక అంతా గరగర. వాటిని వినిపిస్తే ఆయన మొహం చిన్నబుచ్చుకుని "నేను వాయించేది అంతేలే" అంటారంట.

నేను వెళ్ళాను. చూడగానే నచ్చింది నాకు ఆ ఇల్లు. వీధివైపు గదిని వెంకటాద్రి గారని పక్కింటి రైతుకి అద్దెకిచ్చారు, ఆయన కోతలయ్యాక ధాన్యం బస్తాలు వేసుకుంటారు. నిలువెత్తు బస్తాలు, మూడు గోడలకీ. ప్రియ ఏవో పరుపులు, దుప్పట్లు అంటోంది. పిచ్చిపిల్లా, ధాన్యం బస్తాని మించిన పరుపేముంది, చప్పుణ్ణి మింగేస్తుంది అన్నాను. వాల్వుపెట్టెకి విడిగా ఉండే స్పీకరుపెట్టెని బస్తాల మధ్య దింపి, పైన కూడా బస్తాలు అడ్డం వేయించాను. స్పీకరు కోనుకి, అంటే మోగే ఆ కాగితపు గరాటుకి, నాలుగువేళ్ళ దూరంలో, నడిమధ్యకి కాకుండా కాస్త పక్కకి మైకు నిలబెట్టాను. వాల్వులున్న పెట్టెని మాత్రం బయట హాల్లోనే ఉంచాను. వాటికి గాలాడాలి. ఆ గదిలో పెడితే ధాన్యం పేలాలైపోతుంది. రెంటికీ మధ్య గిటారు వైరు కాదు, లావుపాటి స్పీకరు వైరు లాగాను. ఇంట్లో ఎర్తు సరిగా లేదు, గిటారు తీగ ముట్టుకుంటే చిమచిమలాడుతోంది. నాకు కోపమొచ్చి, పెరట్లో గొయ్యి తవ్వించి, ఉప్పూ బొగ్గూ పోసి, కడ్డీ దిగ్గొట్టి కొత్త ఎర్తు వేశాను. ఇన్ని చెప్తున్నానెందుకంటే, ఆ రోజు నేను అన్నీ సవ్యంగానే చేశాను, ఆ ఒక్కటి తప్ప.

ముందు లెవెలు చూద్దామని మాస్టారిని ఊరికే కాసేపు తీగలు మీటమన్నాం. ప్రియ హెడ్‌ఫోను నాకిచ్చింది. హాల్లో తీగల టింగుటింగు తప్ప ఏమీ లేదు, గోడ అవతల ఏదో గుమ్ముమంటోంది, అంతే. హెడ్‌ఫోను చెవులకి తగిలించుకున్నాను.

ఏం చెప్పను. అది గిటారే, కాదనను, కానీ ప్రతి తీగ వెనకాలా ఇంకో తీగ, దాని వెనకాల ఇంకోటి. గట్టిగా మీటితే గొంతు బొంగురుపోయి ఏడ్చినట్టు, మెల్లిగా మీటితే అదే గొంతు తేటపడి. నా వ్యానులో నాలుగు వేల వాట్ల సెట్టుంది. ఇన్నాళ్ళూ నేను జనానికి అద్దెకిచ్చింది వట్టి చప్పుడని ఆ నిమిషాన తెలిసింది. మా నాన్న చుట్టిన ఇనపముద్ద అన్నేళ్ళ తర్వాత అట్లా పలుకుతోంది. నేను ఆ పెట్టె ముందు నేలమీద కూలబడిపోయాను.

తర్వాత అసలుది మొదలైంది. ఆరాధన అయిపోయి జనం బయటికెళ్తుంటే మాస్టారు ఒకటి వాయించేవారు. పాట కాదు, ఆయన సొంతంగా అల్లుకున్న వాయింపు, ఏడు నిమిషాలు. దాన్నే రికార్డు చేయాలి. ప్రియ లోపలి గదిలో కంప్యూటరు ముందు, మాస్టారు హాల్లో కుర్చీలో కళ్ళు మూసుకుని, నేను వాల్వుపెట్టె పక్కన కాపలా. కృపమ్మక్క, అంటే మాస్టారి భార్య, వంటింటి గడపలో చిక్కుళ్ళు ఒలుస్తోంది. మాస్టారికి తన వాయింపు వినపడదు. వేళ్ళకి తెలుసు కాబట్టి వాయించుకుపోతున్నారు.

నాలుగు నిమిషాలైంది. అప్పుడు వీధిలో డప్పులు వినపడ్డాయి. శవం వస్తోంది.

మా మైకువాళ్ళకి ఒక ధర్మం ఉంది. పెళ్ళి కానీ, జాతర కానీ, వీధిలో శవం వెళ్తుంటే మైకు మోగకూడదు. పాట ఆపేదాకా, స్విచ్చి వెతికేదాకా ఆగకూడదు, శవం గుమ్మం ముందుకొచ్చేస్తుంది. అందుకని చేతికందిన స్పీకరు వైరు పీకేస్తాం. శవం దాటాక మళ్ళీ తగిలిస్తాం. ముప్పై ఎనిమిదేళ్ళలో ఎన్నిసార్లు పీకానో లెక్కలేదు. ఇప్పటి సెట్లకి దానివల్ల ఏమీ కాదు. వాల్వుసెట్టుకి మాత్రం అది చావు. స్పీకరు లేకుండా అది మోగిందంటే, పోవాల్సిన శక్తి పోయే దారిలేక వెనక్కి తిరిగి ట్రాన్స్‌ఫారాన్నే తినేస్తుంది. ఇది నాకు తెలియదా? పదేళ్ళప్పుడు ఇట్లాగే వైరు లాగితే మా నాన్న చెంప పగలగొట్టి మరీ చెప్పాడు.

తెలుసు. కానీ డప్పు వినపడగానే నా చెయ్యి నన్నడగలేదు. వైరు పీకేసింది.

పైగా ఆ స్పీకరున్నది బస్తాల మధ్య. అది మోగుతోందని వీధిలో ఎవడికీ తెలియను కూడా తెలియదు. ఎవరి మర్యాద కోసం పీకానో ఇప్పటికీ అర్థం కాదు. మాస్టారు కళ్ళు మూసుకుని వాయిస్తూనే ఉన్నారు. అప్పుడొక వింత జరిగింది. స్పీకరు లేదు, వైరు నా చేతిలో ఉంది, అయినా ఆ వాయింపు నాకు వినపడుతోంది, దోమ మూలిగినంత సన్నగా. ఇనపముద్దే పాడుతోంది. ఆ గొంతెక్కడిదని నేను నోరు తెరిచి చూస్తున్నంతలో వాల్వులో నీలంగా మెరిసింది. చిటపటమంది. కమురు వాసన. ఎర్రటి వెలుగులు అట్లాగే ఉన్నాయి గానీ, ఆ సన్నటి గొంతు ఆగిపోయింది.

నేను గబుక్కున వైరు తగిలించేశాను. ప్రియ పరిగెత్తుకొచ్చి, బాబాయ్, ఏమైంది, ఉన్నట్టుండి ఆగిపోయింది అంది. వోల్టేజి కొట్టుకుందమ్మా అన్నాను. అనడమే కాదు, కరెంటువాళ్ళని, వాళ్ళ తాతల్ని కలిపి నాలుగు తిట్టాను. గట్టిగా తిట్టేవాణ్ణి ఎవరూ అనుమానించరు. తలెత్తితే కృపమ్మక్క నా చేతివైపు చూస్తోంది. చేతిలో చిక్కుడుకాయ అట్లాగే ఉంది.

భోజనానికి కూర్చోబెట్టింది. చిక్కుడుకాయ కూర, చేపల పులుసు. నాకు వడ్డిస్తూ, ఇంకాస్త వెయ్యనా తమ్ముడూ, అంది, ఏమీ చూడనట్టే. ఆ ఒక్క మాటతో నాకు తల తీసేసినట్టయింది. అవతల మాస్టారు కూతురితో, పోనీలే అమ్మా, పాతది కదా, దానికీ వయసైంది, నాకూ వయసైంది అని నవ్వుతున్నారు. ఆ నవ్వు చూడలేక కంచంలో చెయ్యి కడిగేసుకుని లేచాను.

వెళ్ళి ఆయన ముందు నిలబడి, నేనే పీకాను మాస్టారూ అన్నాను. ఆయనకి వినపడలేదు. ఎడమచెవి దగ్గరకొచ్చి మళ్ళీ చెప్పాను. ఏం పీకావు, అన్నారు. ఇక లాభంలేదని గొంతెత్తి అరిచాను. శవం వస్తుంటే స్పీకరు వైరు నేనే పీకాను, నావల్లే కాలింది, కరెంటు అని అబద్ధమాడాను. నా గొంతు సంగతి తెలుసుగా, పక్కింట్లో వెంకటాద్రి గారు అరుగు మీదకొచ్చి చూశారు. ఎవరన్నా తప్పు చెవిలో ఒప్పుకుంటారు. నేను వీధి మొత్తానికి వినపడేలా ఒప్పుకున్నాను.

మాస్టారు ఆ పెట్టె వైపు తిరిగి చూశారు. ఒకటే మాటన్నారు. "మీ నాన్న చుట్టిందే కదా కోటీ. నువ్వు చుట్టు."

నేను చుట్టి ఇరవై ఏళ్ళు దాటింది. అయినా సరేనన్నాను.

పెట్టె విప్పడానికే సగంరోజు పట్టింది. ప్లగ్గు తీసేసినా లోపలి కండెన్సర్లలో కరెంటు దాగి ఉంటుంది, మనిషిని చంపేంత. ఎడమచెయ్యి జేబులో పెట్టుకో, కుడిచెయ్యొక్కటే లోపలికి పోనియ్యి అని మా నాన్న చెప్పేవాడు. అట్లాగే చేసి, రెసిస్టరు పెట్టి ఆ కరెంటంతా దించేసి, మీటరు సున్నా చూపించాకే ముట్టుకున్నాను. మీటరు ఒకటికి మూడుసార్లు చూశాను. నా చెయ్యంటే నాకే నమ్మకం పోయింది మరి.

ట్రాన్స్‌ఫారం సంచిలో వేసుకుని పులిగడ్డ వంతెన దాటి అవనిగడ్డ వెళ్ళాను. అక్కడ కృపావరం అని మోటార్లు చుట్టేవాడున్నాడు, మా నాన్న శిష్యుడు. చేత్తో తిప్పే పాత చుట్టుడు మిషను ఇంకా ఉంచుకున్నాడు. అతని షాపులో కూర్చుని రేకులు ఒక్కొక్కటే ఊడదీసి, తీగ విప్పుతూ చుట్లు రాసుకున్నాను. విప్పుతుంటే చూశాను మా నాన్న పని. జుట్టంత సన్నటి తీగ, వేల చుట్లు, ఒక్క చుట్టు మీద ఇంకో చుట్టు ఎక్కలేదు. పొరకీ పొరకీ మధ్య నూనెకాగితం, అంచులు కత్తిరించినట్టు సమంగా. బయట కూడా కాదు, ఎవడూ ఎప్పటికీ చూడని లోపల. కృపావరం పనాపి వచ్చి నిలబడిపోయాడు. నాలుగో పొరలో కనపడింది కాలిన చోటు. ఆవగింజంత నల్లటి చుక్క, అంతే. నేను చేసిన నాశనమంతా కలిపి ఆ ఆవగింజంత.

పన్నెండు రోజులు చుట్టాను. మూడుసార్లు తప్పొచ్చి మొత్తం విప్పేశాను. ఎవరి మీదా అరవలేదు. కృపావరం భార్య, అన్నయ్యకి ఒంట్లో బాగోలేదా, అని అడిగిందంట. నా భయం ఒకటే. పలకడం పలుకుతుంది, కానీ ఆ గొంతే వస్తుందా? పైగా రోజూ ప్రియ ఫోను. నాన్నకి నిన్న కుక్కరు కూత వినపడలేదంట. మొన్న గేటు చప్పుడు వినపడలేదంట.

పదమూడోరోజు తెచ్చి బిగించాను. స్విచ్చి వేశాను. వాల్వులు మెల్లిగా ఎర్రబడ్డాయి. మాస్టారు కళ్ళు మూసుకుని మొదలుపెట్టారు. నేను రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, వాటి మీద కూర్చున్నాను. కృపమ్మక్క చూసి నవ్వు ఆపుకుంది. ఏడు నిమిషాలు. ఏ శవమూ రాలేదు, ఏదీ మెరవలేదు. ఆఖరి మోత పూర్తిగా అణగారాకే ప్రియ రికార్డింగు ఆపింది.

ముందు కృపమ్మక్కకి పెట్టమన్నాను హెడ్‌ఫోను. నలభై ఏళ్ళు ముందుచాప మీద కూర్చుని విన్నది ఆవిడే కదా, ఆ గొంతు అవునో కాదో ఆవిడే చెప్పాలి. ఆవిడ విన్నంతసేపూ నేను ఆవిడ మొహమే చూశాను. అయ్యాక హెడ్‌ఫోను తీసి ఒళ్ళో పెట్టుకుని, "ఇదే తమ్ముడూ" అంది.

అప్పుడు మాస్టారికి పెట్టారు. ప్రియ మీట తిప్పి తెల్లగీత దగ్గర ఆపింది. ఆ గీత దగ్గర ఆయనకి వినపడుతుందో లేదో మాకెవరికీ తెలియదు. పన్నెండు రోజులు తినేసింది నేనేగా. ఆయన మొహంలో ఏ మార్పూ లేదు. ప్రియ చెయ్యి మీట మీదే ఉంది, పెంచుదామా అన్నట్టు నావైపు చూసింది. వద్దని తలూపాను. అంతలో మాస్టారు కుర్చీలో కొంచెం ముందుకి వంగారు. ఎవరో పిలిస్తే వంగినట్టు వంగారు. అంతే, ఇక కదల్లేదు. ఏడు నిమిషాలూ గోడవైపే చూస్తూ విన్నారు. అయిపోయాక కూడా హెడ్‌ఫోను తియ్యలేదు.

"కృపా" అన్నారు. వినపడని మనిషి కదా, గొంతు పెద్దగా వచ్చింది. "జనం బయటికెళ్తూ గుమ్మం దగ్గర ఆగిపోయేవాళ్ళు, గుర్తుందా?"

ఆవిడ తలూపింది.

"చెప్పులు వెతుక్కుంటున్నారనుకునేవాణ్ణి."

పెట్టె వెనకాల నిలబడితే ఏం వినపడుతుంది, డబ్బాలో గులకరాళ్ళు పోసి కదిపినట్టుంటుంది. నలభై ఏళ్ళు ఆయన విన్నది అదే. తాను బాగా వాయించడనే అనుకున్నారు. వచ్చిన ప్రతి పాస్టరు గారికీ, నాకన్నా మంచివాణ్ణి చూసుకోండయ్యా అని చెప్పేవారంట. భార్య మెచ్చుకుంటే, పెళ్ళాం కాబట్టి మెచ్చుకుంటోంది అనుకునేవారంట. ఇవన్నీ తర్వాత ప్రియ చెప్పింది నాకు. అప్పుడు మాత్రం కృపమ్మక్క లేచి వెళ్ళి, హెడ్‌ఫోను ఎడమవైపు కాస్త జరిపి, ఆ చెవిలో నోరు పెట్టి చెప్పింది.

"చెప్పుల కోసం అంతసేపు ఎవరాగుతారండీ. మీ కోసమే ఆగేవాళ్ళు."

ఆయన ఆవిడ చెయ్యి పట్టుకుని, మళ్ళీ పెట్టమ్మా అన్నారు ప్రియతో. ఆ మధ్యాహ్నం దాన్ని తొమ్మిదిసార్లు విన్నారు. నేను వెళ్ళి ధాన్యం బస్తాల మధ్య కూర్చుని ఏడ్చాను, చెప్పుకోవడానికి నాకేం సిగ్గులేదు. అన్నం చల్లారిపోయింది. ఆయన్ని లేవమని ఎవరూ అనలేదు.